అలకపాన్పు ఎక్కిన ఖాతాదారు వ్రాయునది

మహారాజశ్రీ ఆన్‌లైన్ దుకాణం వారి ఆటోమేటిక్ ఈమెయిల్ గారికి,

విజయవాడ సింగ్ నగర్ నుంచి మీ పాత ఖాతాదారు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం రోజుకు మూడుసార్లు తెలుస్తూనే ఉంది కనుక అడగడం లేదు.

ముందుగా పేరు సంగతి. మీ ఉత్తరాలన్నీ 'ప్రియమైన వి' అని మొదలవుతున్నాయి. ఇంటిపేరు ముందు రాసుకునే వాళ్లం మేము. మీ ఫారం మొదటి గడిలో ఇంటిపేరు అక్షరం, రెండో గడిలో అసలు పేరు రాశాను. మీరు మొదటి గడిలో ఉన్నదాన్ని తెచ్చి 'ప్రియమైన' పక్కన అతికించేశారు. పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఆవిడైనా నన్ను ఇంత ముద్దుగా పిలవలేదు.

ఇక గ్రైండర్. మా అమ్మాయి కాపురానికి వెళ్తుంటే సారెలోకని మీ దగ్గర ఒక గ్రైండర్ కొన్నాను. ఆ మర్నాటి నుంచి 'మీకోసమే ఎంపిక చేసిన గ్రైండర్లు' రావడం మొదలైంది. టిల్టింగ్ గ్రైండర్, టేబుల్ మీద పెట్టుకునే గ్రైండర్, రెండు లీటర్లది, అయిదు లీటర్లది. కూతురి పెళ్లి చేసి ఇంటికొచ్చిన మర్నాడే ఆ పిల్లకే ఇంకో పది సంబంధాలు పట్టుకొచ్చిన పెళ్లిళ్ల పేరయ్యను ఏమనాలి? గ్రైండర్ కొన్నవాడికి ఆపైన కావలసింది మినప్పప్పు, ఇడ్లీ రవ్వ. ఈ ముక్క మా వీధి చివరి కిరాణా కొట్టు కుర్రాడికి ఏ కంప్యూటరూ చెప్పలేదు.

మీరు నా మీద నిఘా పెట్టారని నా ఫిర్యాదు కాదు. ఉత్తరంలో కంటికి కనబడని చుక్కంత బొమ్మ ఒకటి దాస్తారట. ఉత్తరం తెరిస్తే ఆ బొమ్మ కోసం నా ఫోను మీ సర్వర్ తలుపు తడుతుంది, ఫలానావాడు చదివాడని మీకు తెలిసిపోతుంది. ఇంత శ్రమపడి కాపలా కాసీ గ్రైండరేనా? నిఘా పెట్టేవారు కాస్త శ్రద్ధగా పెట్టకూడదా?

మా అల్లుడు ఒక బట్టల షాపుకు ఇలాంటి ఈమెయిల్ ఏర్పాట్లే చేసిపెడతాడు. మనిషిని మూడు ప్రశ్నలతో తూస్తారని చెప్పాడు. ఆఖరుసారి ఎప్పుడు కొన్నాడు, ఎన్నిసార్లు కొన్నాడు, మొత్తం ఎంత పెట్టాడు. పోస్టులో కేటలాగులు పంపి సరుకు అమ్మే రోజుల నుంచీ ఉన్న లెక్కేనట ఇది. ఎందుకు కొనడం లేదన్న నాలుగో ప్రశ్న అందులో లేదు. ఆ సంగతి నాకు 2024 సెప్టెంబరులోనే తెలిసింది. బుడమేరు మా వీధిలోకి వచ్చేసి, కింది వాటా మునిగి, పడవలో వచ్చిన పాల ప్యాకెట్ల కోసం డాబా మీద నిలబడ్డాం. నాలుగు శాతం ఛార్జింగు మిగిలిన ఫోను మోగింది. ఎవరో బంధువులు కాబోలు అనుకున్నాను. మీరే. 'చాలా రోజులైంది మీరు కనబడి! మిమ్మల్ని మిస్ అవుతున్నాం.' ఆ ఒక్క మాటకు ఒక శాతం ఖర్చయిపోయింది.

2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం ఇచ్చినంత సులువుగా ఉండాలి. ఉత్తరం అడుగున, బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ దాకా నా వేలు వెళ్లింది కూడా. సరిగ్గా అప్పుడే కుక్కర్ సంగతి బయటపడటంతో ఆగిపోయాను.

2,450 రూపాయల ప్రెషర్ కుక్కర్ ఒకటి మీ బుట్టలో వేసి, ఏదో పని తగిలి వదిలేశాను. గంటలో 'బుట్టలో ఏదో మరిచిపోయారు' అన్నారు. మర్నాడు 'మీ కుక్కర్ మీకోసం ఎదురుచూస్తోంది' అన్నారు. మూడోనాడు పది శాతం తగ్గించారు. ఈ గొంతు నేనెరిగినదే! బీసెంట్ రోడ్డులో సంచీ బేరమాడి, కుదరదని పది అడుగులు వేస్తే వెనకనుంచి 'సార్, ఇటు రండి, మీ మాటే కానివ్వండి' అని వినబడుతుందే, అదే గొంతు.

మా బావమరిది అదే కుక్కర్ ఆ వారంలోనే బేరం, జాగు లేకుండా పూర్తి ధరకు కొన్నాడు. అతనికి ధన్యవాదాలు చెప్పి, అయిదు నక్షత్రాలు ఇమ్మని అడిగారు. అంటే కొన్నవాడి దగ్గర నక్షత్రాలు పుచ్చుకుని, అలిగినవాడికి రూపాయలు ఇస్తున్నారన్నమాట. పెళ్లిళ్లలోనూ అంతే లెండి. అలకపాన్పు ఎక్కిన అల్లుడికి స్కూటరు, నవ్వుతూ పంక్తిలో కూర్చున్న అల్లుడికి రెండోసారి అడిగితే గానీ అప్పడం రాదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ మీ దగ్గర ఏదీ నేరుగా కొనడం లేదు. మా ఆవిడ మిక్సీ జారు బుట్టలో వేసి అలిగింది. మా అబ్బాయి బూట్లు వేసి అలిగాడు. ఎవరి అలక ఎన్నో రోజుకు వచ్చిందో కేలండర్ మీద పాల లెక్క పక్కనే రాసుకుంటున్నాం.

మొన్న ఆదివారం ఇడ్లీ పాత్ర ఒకటి బుట్టలో వేశాను. మీ మొదటి రెండు ఉత్తరాలూ అందాయి. మూడోది ఇంకా రాలేదు. పాత పాత్రకు సొట్టపడి మూత కూర్చోవడం లేదు, నిన్న రుబ్బిన పిండి పులుస్తోంది. దయచేసి త్వరగా పంపగలరు.

ఇట్లు,
ప్రియమైన వి