పొగ రాయవుతోంది, నీళ్లెక్కడివి?

గోలీ సోడా కొట్టగానే బుస్సుమనేది కార్బన్ డయాక్సైడే. ఐస్‌లాండ్‌లో హెల్లిషేయ్ది భూతాప విద్యుత్ కేంద్రం దగ్గర కార్బ్‌ఫిక్స్ సంస్థ ఆ వాయువునే నీళ్లలో కలిపి, భూమి లోపలి బసాల్ట్ (లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాయి) పొరల్లోకి దింపుతోంది. ఆ పుల్లనీళ్లు రాయిని కరిగించి కాల్షియం, మెగ్నీషియం వంటివి బయటికి లాగుతాయి. కార్బన్ వాటితో కలిసి గడ్డకడుతుంది. 2012లో మొదలైన ప్రయోగంలో 95 శాతానికి పైగా వాయువు రెండేళ్లలోపే రాయైపోయిందని 2016లో శాస్త్రవేత్తలు తేల్చారు. అక్కడ బోరు వేసి తీసిన నల్లరాతి ముక్కల్లో, బెజ్జాలు పూడ్చుకుంటూ తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. అదీ ఒకప్పటి పొగ!

ఈ రాయి మనకు కొత్తదేం కాదు. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు పత్తి పండే నల్లరేగడికి తల్లి దక్కన్ బసాల్టే. రాజమండ్రి దగ్గరా కొంత ఉంది. కాబట్టి ‘మనమూ చేసేద్దాం’ అనే ఉత్సాహం సహజం. అయితే టన్ను వాయువును కరిగించడానికి పాతిక టన్నుల నీళ్లు కావాలి. 800 మెగావాట్ల బొగ్గు యూనిట్ నిండుగా నడిస్తే గంటకు 600 టన్నులకు పైగానే వదులుతుంది. అదంతా ఇలా దింపాలంటే గంటకు కోటిన్నర లీటర్లు, అంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు 1,500! ఎండాకాలం బిందెలతో క్యూ కట్టే ఊళ్లలో ఈ మాట ఎవరు చెబుతారు?

దారి అసలే లేదని కాదు. 2013లో అమెరికాలోని వల్లూలాలో నీళ్లు కలపకుండానే దాదాపు వెయ్యి టన్నులు బసాల్ట్‌లోకి పంపారు, అక్కడా రాయి కట్టింది. కాకపోతే గట్టిపడేదాకా వాయువు పైకి రాకుండా ఆపే పొర పైన ఉండాలి. మన రాతికి అది ఎక్కడుందో బోరు వేసి చూస్తేనే తెలుస్తుంది.

మేము అడిగేది ఆ బోరే. హైదరాబాద్‌లోనే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉంది, పరీక్ష చేయించండి. ఖర్చెంత, నీళ్లెన్ని, రాయైందెంత అన్నది బయటపెట్టండి. కొత్త బొగ్గు యూనిట్‌కు అనుమతి అడిగే ఫైల్లో మాత్రం ఈ టెక్నాలజీ పేరు అప్పుడే రాయకండి.