డాబా మీద బేస్ క్యాంప్

మా ఆఫీసులో కొండలెక్కే అలవాటు ఎవరికీ లేదు. మూడో అంతస్తులో ఉన్న క్యాంటీన్‌కి లిఫ్ట్ కోసం పది నిమిషాలు నిలబడే బ్యాచ్ మాది. అలాంటిది డిసెంబర్ చివర్లో టీమ్‌లో ఓ కుర్రాడు వనజంగి ఫోటోలు చూపించాడు. పాడేరు దాటాక వచ్చే కొండ అది. తెల్లవారుజామున పైకెళ్లి చూస్తే లోయంతా పాలు పొంగి గిన్నె అంచుదాకా వచ్చి ఆగినట్టు మేఘాలు. ఇంకేముంది, సంక్రాంతి వెళ్లాక విశాఖ దాకా రైలు, అక్కణ్ణుంచి ఘాట్ రోడ్డు, రాత్రికి కొండ కింద టెంట్లలో పడక, చీకటుండగానే ఎక్కడం అని అయిదు నిమిషాల్లో తీర్మానమైపోయింది. చివర్లో ఆ కుర్రాడు "ఎవరి సామాను వాళ్లే చూసుకోండి" అన్నాడు. ఆ ఒక్క మాట నా ముందు అనకుండా ఉండాల్సింది.

నాకో జబ్బుంది. ఏదన్నా కొనాలంటే ముందు దాని మీద పీహెచ్‌డీ చెయ్యాలి. ఇంట్లోకి మిక్సీ ఎంచడానికి నాలుగు నెలలు తీసుకున్నాను, ఆ నాలుగు నెలలూ మా ఆవిడ అల్లం పచ్చడి రోట్లోనే నూరింది, ఆ సంగతి ఇప్పటికీ నెలకోసారైనా నాకు గుర్తు చేస్తుంది. ఇప్పుడు ఒక్క మిక్సీ కాదు, బ్యాగు, బూట్లు, టెంటు, స్లీపింగ్ బ్యాగు, తలకి కట్టుకునే లైటు. పది రోజులు రాత్రి రెండింటిదాకా వీడియోలు చూసి, ఎవరెస్టు ఎక్కేవాళ్లు ఏం కొంటారో క్షుణ్ణంగా తెలుసుకుని, ఓ శనివారం ఊరి చివరున్న పెద్ద స్పోర్ట్స్ షాపుకెళ్లాను.

అక్కడి సేల్స్ కుర్రాడు పాపం మంచివాడు. "ఎక్కడికి సార్, ఎన్ని రాత్రులు?" అనడిగాడు. ఒక రాత్రి అని చెప్పడానికి నాకు నామోషీ అనిపించి "ఇప్పటికి ఒకటి" అన్నాను. ఒక్క రాత్రికి 40 లీటర్ల బ్యాగు చాలన్నాడు. నేను 65 లీటర్లది తీసుకున్నాను. లీటర్ల లెక్కన బ్యాగు కొనడం నాకదే మొదలు, అప్పటిదాకా ఆ లెక్క పాలకీ పెట్రోలుకీ మాత్రమే తెలుసు. పెద్దదైతే తప్పేముంది, ఖాళీగా ఉంటుంది అనుకున్నాను గానీ, ఖాళీగా ఉన్న బ్యాగుని చూస్తూ ఊరుకోవడం మధ్యతరగతి మనిషి వల్ల కాదని తర్వాత తెలిసింది. ఫ్లాస్కు, గొడుగు, రెండో గొడుగు, ఎందుకైనా మంచిదని ఇస్త్రీ చేసిన చొక్కా కూడా అందులోకే వెళ్లాయి.

బ్యాగు బరువు భుజాల మీద కాదు, నడుం పట్టీ బిగించి తుంటి ఎముకల మీద మొయ్యాలట. ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం, పట్టీ బిగించగానే ఎవరో వెనకనుంచి సాయం పట్టినట్టుంటుంది. మోసే బరువు మన బరువులో అయిదో వంతు దాటకూడదని కూడా అంటారు. నేను 80 కిలోలు, అంటే 16. సరే ప్రాక్టీసు చేద్దామని పది కిలోల సోనా మసూరి సంచి, మూడు కిలోల కందిపప్పు, మూడు లీటర్ల నీళ్లు బ్యాగులో పెట్టుకుని మా అపార్ట్‌మెంట్ మెట్లు నాలుగంతస్తులూ ఎక్కి దిగడం మొదలుపెట్టాను. రెండో రౌండులో అసోసియేషన్ సెక్రటరీగారు ఎదురయ్యారు. బ్యాగు మూతిలోంచి తొంగిచూస్తున్న బియ్యం సంచి చూశారు, నా చెమట చూశారు. "ఎవరికండీ పంచుతున్నారు?" అన్నారు. మూడో రౌండులో ఆయన భార్య కూడా గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు.

బూట్ల సంగతి క్లుప్తంగా చెప్తాను. పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి కాబట్టి సాయంత్రమే కొనాలి, దిగేటప్పుడు బొటనవేలు ముందుకి కొట్టుకోకుండా చోటుండాలి, కొన్నాక కొన్నాళ్లు వాడి కాళ్లకి అలవాటు చేసుకోవాలి. ఇవన్నీ పాటించాను. అలవాటు చేసుకోవాలి కదా అని మా ఆవిడ పిన్ని కూతురి గృహప్రవేశానికి కూడా వాటితోనే వెళ్లాను. చీలమండ దాకా లేసులు, విప్పడానికి నాలుగు నిమిషాలు, వెనక పంతులుగారు నిలబడి ఉన్నారు. మా ఆవిడ ఆ రోజు నాతో మాట్లాడలేదు.

ఇక స్లీపింగ్ బ్యాగు. దీని చీటీ మీద మూడు అంకెలుంటాయి. కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. ఎక్స్‌ట్రీమ్ అంటే ఆ చలిలో నిద్ర పడుతుందని కాదు, ప్రాణంతో తెల్లారొచ్చని. కాబట్టి కొనేవాడు చూడాల్సింది కంఫర్ట్ అంకె. నేను అదే చూశాను, కాకపోతే సున్నా డిగ్రీలది చూశాను. పాడేరు చుట్టుపక్కల చలికాలంలో ఉష్ణోగ్రత ఒక్క అంకెకి దిగిపోతుందని పేపర్లో చదివాను, ఆ ఒక్క అంకె ఏదవుతుందో ఎవరు చూశారు? పైగా నేను ఎంచింది 'మమ్మీ' రకం. ఈజిప్టు మమ్మీలాగే పాదాల దగ్గర సన్నగా, భుజాల దగ్గర వెడల్పుగా, తలకి ముసుగుతో ఉంటుంది. లోపల ఖాళీ తక్కువ కాబట్టి వెచ్చదనం ఎక్కువ. చేతులు కదపడానికి చోటు కూడా తక్కువేనన్న సంగతి షాపులో ఎందుకో తట్టలేదు. కింద పరుచుకునే మ్యాట్ కూడా తీసుకోమన్నాడు కుర్రాడు, మన బరువుకి బ్యాగులో దూది అణగిపోతుంది, నేల చలిని ఆపేది మ్యాటేనని. ఇంత మందం బ్యాగు కొన్నాక మళ్లీ చాప ఎందుకని కొట్టిపారేశాను. చిన్న గ్యాస్ స్టవ్ కూడా ముచ్చటగా అనిపించింది గానీ రైల్లో గ్యాస్ డబ్బా తీసుకెళ్లనివ్వరని గుర్తొచ్చి ఆగాను. ఆ రోజు నేను మిగిల్చిన డబ్బు అదొక్కటే.

టెంట్ దగ్గరే అసలు కథ. ముగ్గురు పట్టే టెంట్ అని రాసుంది. టెంట్లు కుట్టేవాళ్ల లెక్కలో మనిషంటే శవాసనంలో ఉన్నవాడు, పక్కకి తిరిగే హక్కు వాడికి లేదు. కాబట్టి మూడంటే రెండనుకోవాలి. నీళ్లు కారకుండా 3000 మిల్లీమీటర్లు అని ఇంకో అంకె. అంటే ఆ గుడ్డ మీద మూడు మీటర్ల ఎత్తు నీళ్లు నిలబెట్టినా కారదని అర్థం. ఇంత చదువుకున్నవాణ్ణి, అసలు చూడాల్సింది చూడలేదు. కొన్ని టెంట్లు కడ్డీలు దూర్చగానే వాటంతట అవే నిలబడతాయి. కొన్నిటిని నేలలో మేకులు దిగ్గొట్టి తాళ్లతో లాగి కడితేనే నిలబడతాయి. రెండో రకం బరువు తక్కువ. నేను బరువు చూసి కొన్నాను.

ప్రయాణం శుక్రవారం. ముందు శనివారం రాత్రి డాబా మీద రిహార్సల్ అన్నాను. "ఇంట్లో ఏసీ పెట్టుకుని డాబా మీద పడుకుంటారా?" అంది మా ఆవిడ. జనవరిలో ఏసీ ఎందుకన్నాను. "మరి జనవరిలో డాబా ఎందుకు?" అంది. ఆవిడతో వాదించి గెలిచిన చరిత్ర మా ఇంట్లో లేదు కాబట్టి సామాను భుజానేసుకుని పైకెళ్లిపోయాను.

పైకెళ్లాక తెలిసింది, కాంక్రీటులో మేకు దిగదని. ఇది తెలియడానికి డాబా దాకా వెళ్లక్కర్లేదని మీరనొచ్చు. పది రోజులు వీడియోలు చూసినవాడికి పచ్చిక తప్ప వేరే నేల కళ్లముందుకి రాదండీ. అప్పటికే రాత్రి తొమ్మిదిన్నర. ఒక తాడు డిష్ యాంటెన్నా కడ్డీకి, ఒకటి బట్టల తీగ స్తంభానికి, ఒకటి నాలుగు ఇటుకలకి కట్టి, నాలుగోది ట్యాంక్ పక్కనుంచి దిగే పైపుకి చుట్టి గట్టిగా లాగాను. 'టప్' మని శబ్దం వచ్చింది. ముడి బాగా బిగిసింది అనుకున్నాను. టెంట్ నిలబడింది. కాస్త ఎడమకి వాలి, నిద్రమొహంతో ఉన్నట్టు, కానీ నిలబడింది. ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను. పదకొండు చప్పట్లొచ్చాయి.

పన్నెండింటికల్లా ఉడికిపోయాను. బయట 16 డిగ్రీలు, నేను సున్నా డిగ్రీల బ్యాగులో మెడదాకా. పైన ఇడ్లీ కుక్కర్, వీపు కింద కాంక్రీటు మాత్రం ఐసుగడ్డ (ఆ కుర్రాడు చెప్పిన మ్యాట్ గుర్తొచ్చింది). మూడింటికి నుదుటి మీద చినుకు పడింది. వాన కాదు. అన్ని జిప్పులూ మూసి పడుకున్నాను కదా, నేను వదిలిన ఊపిరే పైగుడ్డకి తగిలి చల్లబడి బొట్లుబొట్లుగా మళ్లీ నా మీదకే పడుతోంది. గాలి కోసం టెంట్ తలుపు జిప్పు బార్లా తీసి, తల గుమ్మం దగ్గర పెట్టుకుని, చేతులు మళ్లీ లోపలికి లాక్కుని పడుకున్నాను. తలకి లైటు అలాగే ఉంది. ఎర్ర లైటు పెట్టుకుంటే చీకట్లో కళ్లు చెదరవని చదివాను కాబట్టి ఎర్రదే వెలుగుతోంది.

అయిదున్నరకి వాచ్‌మన్ మోటార్ వేశాడు. మామూలుగా ట్యాంక్ నిండగానే కింద అలారం అరుస్తుంది, ఓ ఆడగొంతు "ట్యాంక్ నిండింది, మోటార్ ఆపండి" అని కాలనీ అంతా వినపడేలా చెప్తుంది, అప్పుడు అతను లేచి ఆపుతాడు. ఆ రోజు ఆడగొంతు పలకలేదు. ఎందుకంటే రాత్రి నేను తాడు చుట్టిన పైపు వెంటే అలారం వైరు దిగుతుంది, ఆ 'టప్' నా ముడిది కాదు. ట్యాంక్ నిండింది, పొంగింది, పొంగే నీళ్ల గొట్టం సరిగ్గా నా గుమ్మం ఎదురుగా ఉంది. మూడు మీటర్ల ఎత్తు నీళ్లు ఆపే గుడ్డ, బార్లా తెరిచిన తలుపులోంచి వచ్చేవాటిని ఏం చేస్తుంది? పైపెచ్చు లోపలికొచ్చిన నీళ్లని ఒక్క చుక్క బయటికి పోనివ్వలేదు. చెప్పిన మాట నిలబెట్టుకుంది.

చల్లగా మెడకి తగలగానే లేవబోయాను. జిప్పు కదల్లేదు. లోపలి పల్చటి గుడ్డ జిప్పు పళ్లలో ఇరుక్కుంది, గడ్డం కింద, సరిగ్గా నేను చూడలేని చోట. చేతులు లోపల. బ్యాగు ఛాతీ పట్టీకి ఈల కూడా ఉంది, ఆపద వస్తే ఊదడానికి, కానీ అది నాకు ఆరడుగుల దూరంలో గొడుగుల మీద ఉంది. ఇక చేసేదేం లేక గొంగళిపురుగులాగా మోకాళ్లు ముడిచి, చాచి, ముడిచి, చాచి బయటికొచ్చాను. డాబా వాలు మెట్ల గది వైపు. పొర్లడం మొదలుపెట్టాక ఆగడం నా చేతిలో లేదు. చేతులే నా చేతిలో లేవు.

అదే సమయానికి మెట్ల గది తలుపు తెరుచుకుంది. 402 మామ్మగారు. ఓ చేత్తో గుమ్మడి వడియాల పిండి గిన్నె, ఇంకో చేత్తో తడిపిన పాత పంచె. బూడిద గుమ్మడికాయ ముక్కలు తరిగి, ఉప్పేసి, రాత్రంతా మూటగట్టి మీద రుబ్బురోలు పొత్రం పెట్టి నీరంతా పిండి, మినప్పిండి రుబ్బి కలిపి, ఎండ రాకముందే పెట్టేద్దామని వచ్చారావిడ. వచ్చేసరికి మసక చీకట్లో, కాళ్లూ చేతులూ లేని ఆకుపచ్చ శాల్తీ ఒకటి, నుదుటి మీద ఒకే ఒక్క ఎర్ర కన్నుతో, నీళ్లలో పొర్లుకుంటూ ఆవిడ వైపే వస్తోంది.

మామ్మగారు కేక వెయ్యలేదు. గిన్నె జాగ్రత్తగా కింద పెట్టారు. తర్వాత ఆంజనేయ దండకం అందుకున్నారు. మొదట మెల్లగా, నేను దగ్గరయ్యేకొద్దీ గట్టిగా.

"మామ్మగారూ నేను! 304!" అన్నాను.

"మూడువందల నాలుగా? వాళ్లంతా బాగానే ఉన్నారుగా, ఎప్పుడు పోయావు నాయనా?" అన్నారు.

విషయం అర్థమయ్యాక ఆవిడ నా పక్కన చతికిలబడి, లైటు నా తల మీంచి తీసి తన చేత్తో పట్టుకుని జిప్పు చూశారు. "లాగావు కదూ? ఇరుక్కున్నప్పుడు ముందుకి లాగకూడదు. మనవళ్ల స్కూలు బ్యాగులు ఎన్ని చూశాననుకున్నావ్" అంటూ, వడియాలకి తెచ్చుకున్న నూనె వేలితో అద్ది, గుడ్డని పక్కకి లాగి పట్టుకుని, జిప్పుని వెనక్కి రెండు పళ్లు నడిపి, ముందుకి తెచ్చారు. చర్రుమని తెరుచుకుంది. ఈలోగా కింద ఎవరో మోటార్ ఆపారు. సెక్రటరీగారు పైకొచ్చి తెగిన వైరు చూశారు, నన్ను చూశారు, బియ్యం సంచి కోసం చుట్టూ చూశారు. వైరు బాగుచేయించే ఖర్చు 304 ఖాతాలో రాశారు.

నాలుగో అంతస్తు డాబా మీద అప్పటికే రెండు కాకులు గోడెక్కి వడియాల గిన్నె వైపు మెడలు తిప్పుతున్నాయి. మామ్మగారు టెంట్ చుట్టూ ఓ ప్రదక్షిణం చేశారు. పైగుడ్డ తీయించారు. లోపలిదంతా దోమతెర లాంటి వల. "ఎండ పడుతుంది, గాలాడుతుంది, కాకి రాదు, పిల్లి రాదు" అని ఆవిడే లెక్క చెప్పుకుని, నన్నే నీళ్లు తుడవమని, పంచె లోపల పరిచి, వంగి లోపలికెళ్లి వడియాలు పెట్టడం మొదలుపెట్టారు. నేను ఆ రాత్రంతా చేసుకున్న ఏర్పాట్లు ఇంత పద్ధతిగా ఎవరైనా వాడుకోవడం అదే మొదటిసారి.

వడియాలు గలగలమనేలా ఎండడానికి నాలుగైదు రోజులు పట్టింది. శుక్రవారం రైలుకి టెంట్ లేకుండానే వెళ్లాను. అక్కడ కొండ కింద టెంట్లు అద్దెకిస్తారు. ఈ సంగతి మా టీమ్‌లో నాకు తప్ప అందరికీ తెలుసు.

తిరిగొచ్చాక టెంట్ తెచ్చుకుందామని 402 తలుపు కొట్టాను. అది 201కి వెళ్లిందట, సగ్గుబియ్యం వడియాలకి. తర్వాత 103 వాళ్లు చెప్పి ఉంచారట, ఆ తర్వాత ఎండాకాలం ఎలాగూ మామిడి ఒరుగులున్నాయి. నా చేతిలో ఓ డబ్బాడు గుమ్మడి వడియాలు పెట్టి, గుమ్మం దాకా వచ్చి, మామ్మగారు గొంతు తగ్గించి అన్నారు: "ఈసారి కొనేటప్పుడు దానంతట అది నిలబడేది చూసి తీసుకో నాయనా, రోజూ ఈ తాళ్లు కట్టలేక చస్తున్నాం."