ఒకటో తరగతి నుంచి తెరవాలి: ఒడిశా సరిహద్దు చెప్పే పాఠం

మహమ్మారి కాలంలో బడులు నడపాలా, మూయాలా అనే చర్చ రాజధానుల్లో ఎప్పుడూ ఒకే లెక్కతో మొదలవుతుంది. బడి మూతపడితే పిల్లలు నష్టపోయేది పాఠాలే కదా, వాటిని తరువాత చెప్పుకోవచ్చు అన్నది ఆ లెక్క. ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్లలో కూర్చుని చూస్తే ఇది తప్పుడు లెక్క. ఇక్కడ బడి మూతపడితే పాఠంతో పాటు భాష కూడా పోతుంది, అదీ ఒకటి కాదు, రెండు. అందుకే కోవిడ్ లాంటి వ్యాధి మరోసారి వస్తే అన్నిటికంటే చివర మూయవలసినవీ, అన్నిటికంటే ముందు తెరవవలసినవీ బడులేనని, వాటిలోనూ ఒకటో తరగతితో మొదలుపెట్టి పైతరగతులకు వెళ్లాలని నా వాదన.

జరిగినదంతా పాఠకులకు గుర్తే. ఒడిశా ప్రభుత్వం 2020 మార్చి 13న కోవిడ్‌ను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి విద్యాసంస్థలను మూయించింది. 2021 జనవరిలో పది, పన్నెండు తరగతులు మొదలై, రెండో ఉధృతికి ఆగి, జులై 26న మళ్లీ ఆ రెండు తరగతులతోనే మొదలయ్యాయి. ప్రాథమిక తరగతులను 2022 జనవరి 3న తెరుస్తామని చెప్పి వాయిదా వేశారు. ఆ పిల్లలు బడి గడప తొక్కింది ఫిబ్రవరి 28న, అంటే రెండేళ్లకు రెండు వారాలు తక్కువ. ఆ ఫిబ్రవరిలోనే, 16 నుంచి 24 వరకు, ఐదు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. పెద్దలు వరుస కట్టి ఓటు వేయడానికి ఊళ్లో వీలు దొరికింది కానీ, వాళ్ల పిల్లలు పలక పట్టుకుని కూర్చోవడానికి దొరకలేదు.

మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న పర్లాకిమిడి నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం నాలుగైదు కిలోమీటర్లే. రెండూ ఒకే రైలు మార్గం మీదివి. అక్కను అక్కడ, చెల్లిని ఇక్కడ ఇచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆంధ్రలో ఒకటి నుంచి ఐదు తరగతులు 2021 ఫిబ్రవరి 1న తెరిచారు. రెండో ఉధృతికి మూసి, ఆగస్టు 16న అన్ని తరగతులూ మళ్లీ మొదలుపెట్టారు. ఒమిక్రాన్ వచ్చినా సంక్రాంతి సెలవుల తరువాత 2022 జనవరి 17న బడులు యథావిధిగా తెరిచారు. గాలి ఒకటే, సంత ఒకటే, పెళ్లికీ పేరంటానికీ అటూ ఇటూ తిరిగిన మనుషులూ వాళ్లే. అయినా అక్క కొడుకు రెండో తరగతి పుస్తకం చదువుతున్న రోజుల్లో చెల్లి కొడుకు ఒకటో తరగతి గది ఎలా ఉంటుందో కూడా చూడలేదు. ఈ తేడా తెచ్చింది వ్యాధి కాదు, ప్రభుత్వ ఉత్తర్వు.

ఆ ఉత్తర్వుకు వైద్యశాస్త్రం కూడా తోడు రాలేదు. 2021 జులై 20న భారత వైద్య పరిశోధన మండలి అధిపతి బలరామ్ భార్గవ, చిన్న పిల్లలు ఈ వైరస్‌ను పెద్దల కంటే బాగా తట్టుకుంటారు కాబట్టి బడులు తెరవడం ప్రాథమిక తరగతులతో మొదలుపెట్టడమే మేలని చెప్పారు. ఆ మండలి నాలుగో రక్తపరీక్షల సర్వేలో 6 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో 57.2 శాతం మందికి అప్పటికే ప్రతిరక్షకాలు ఉన్నట్లు తేలింది. అంటే బడి మూసినా సగానికి పైగా పిల్లలకు వ్యాధి సోకనే సోకింది. సరిగ్గా ఆరు రోజుల తరువాత మన రాష్ట్రం తెరిచినవి పది, పన్నెండు తరగతులు. కారణం బోర్డు పరీక్షలు. పరీక్ష ఉన్నవాడికే బడి అవసరమని, అక్షరం రానివాడు ఆగవచ్చని అనుకోవడంలోనే అసలు పొరపాటు ఉంది.

మూసివేతను సమర్థించేవారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. తాతలు, మామ్మలు ఒకే గదిలో పడుకునే ఇళ్లు మావి, 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆ ఇళ్లలో జరిగినది ఎవరూ మరచిపోలేరు. ఆ వారాల్లో బడి మూయడం న్యాయమే. కానీ ఉధృతి తగ్గి, అంగళ్లూ బస్సులూ ఎన్నికల సభలూ మొదలైన తరువాత కూడా ప్రాథమిక బడిని మూసి ఉంచడానికి ఆ భయం సాకు కాకూడదు.

ఇక భాష సంగతి. భువనేశ్వర్‌లో ఒడియా ఇంటి పిల్లవాడికి బడి లేకపోయినా అమ్మ మాట, వీధి మాట, బోర్డు మీది రాత అన్నీ ఒడియాలోనే ఉంటాయి. పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లకు అలా కాదు. ఆమెకు తెలుగు నోటికి వస్తుంది కానీ తెలుగు అక్షరం కనిపించేది బళ్లోనే, ఎందుకంటే వీధి రాతలు ఒడియావి. ఒడియా బజారులో వినిపిస్తుంది కానీ పుస్తకం ఒడియా వేరు, అది నేర్పేదీ బడే. రెండేళ్లు బడి లేకపోతే ఆ పిల్ల రెండు లిపులకూ పరాయిదైపోతుంది. ఫోన్ పాఠాలతో ఈ లోటు తీరుతుందన్నారు. 2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని పేద బస్తీల్లో జరిగిన సర్వేలో గ్రామీణ పిల్లల్లో క్రమంగా ఆన్‌లైన్‌లో చదువుకుంటున్నవారు 8 శాతమే. దేశమంతటా మూడో తరగతి గ్రామీణ పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 27.3 శాతం ఉండగా 2022లో 20.5 శాతానికి పడిపోయారు. ఇంటి భాషే బడి భాష అయిన పిల్లలను కూడా కలుపుకున్న అంకె ఇది. ఇంట్లో ఒక మాట, బళ్లో ఒక మాట అయిన మా పిల్లలనూ, కొండల మీది సవర పిల్లలనూ విడిగా లెక్కించి చూడాలని ఎవరికీ తోచలేదు.

పిల్లల ఇంటి భాషను పట్టించుకోవాలన్న ఆలోచన మా ప్రాంతానికి కొత్తదేమీ కాదు. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పేందుకు సొంత ఖర్చుతో బడులు పెట్టారు. పిల్లవాడి నోటిలోని భాషే చదువుకు మొదటి మెట్టని ఆయన నూరేళ్ల కిందటే ఇక్కడే పనిచేసి చూపించారు. 1936లో ఒడిశా ఏర్పడి ఈ ఊరు అందులో కలిసింది. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఏర్పాట్లు చేయడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని చెబుతోంది. మహమ్మారి ఆ బాధ్యతను రద్దు చేయలేదు. నిజానికి అత్యవసర సమయంలోనే అది మరింత గట్టిగా నిలబడాలి. బడి మూసే ఉత్తర్వు మీద సంతకం చేసే అధికారి, ఆ మూతతో ఏ పిల్లలకు భాష కూడా అందకుండా పోతుందో ముందు చూసుకోవాలి.

కాబట్టి మూసే, తెరిచే నిర్ణయం రాష్ట్రమంతటికీ ఒకే ఉత్తర్వుగా కాక, ఆంధ్రలో మండలం లాంటిదైన బ్లాకు స్థాయిలో జరగాలి. సరిహద్దు బ్లాకులు అవతలి ఆంధ్ర మండలంతో మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. తప్పనిసరిగా మూసినా చిన్న తరగతులకు చెట్టు కిందనో, అరుగు మీదనో వారంలో మూడు రోజులైనా అక్షరం చెప్పే ఏర్పాటు ఉండాలి. ఆ చెప్పేవారిలో తెలుగు వచ్చిన పంతులు ఒకరు ఉండాలి. 2020లో ఒకటో తరగతిలో చేరిన మా పిల్లలు 2030లో పదో తరగతి పరీక్ష రాస్తారు. వాళ్లు కోల్పోయిన రెండు లిపులను తిరిగి నేర్పడానికి రోజుకు ఒక గంట కేటాయించే ఉత్తర్వు ఈ విద్యాసంవత్సరంలోనే రావాలి.