గొంతు ఒక్కటేనా?
నటి ఎలినార్ ఆడ్లీ డిస్నీ కార్టూన్ సినిమాల్లోని విలన్ పాత్రలకు గొంతు ఇచ్చిందంతే, మిగతాదంతా బొమ్మలు గీసినవాళ్ల గొప్పతనమే అని ఆవిడ మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. డిస్నీలో ముందు మాట రికార్డు చేసి, ఆ తర్వాతే బొమ్మ గీసేవారు. సౌండ్ ట్రాక్‌ను ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ విని, ఏ అక్షరం ఎక్కడ పడిందో ఎక్స్‌పోజర్ షీట్ (ఏ ఫ్రేములో ఏం రావాలో చూపే పట్టిక) మీద రాసుకునేవారు. సెకనుకు 24 ఫ్రేములు. ఆవిడ ఒక మాట ముందు అర సెకను ఆగిందంటే, ఆ 12 ఫ్రేములనూ యానిమేటర్ కళ్లతోనో కనుబొమలతోనో నింపుకోవాల్సిందే. 1950 నాటి సిండరెల్లాలో సవతి తల్లి పెద్దగా అరవకుండానే హడలగొడుతుందంటే సగం ఆ విరామాల పుణ్యమే. మన డబ్బింగ్‌లో వరస తిరగబడుతుంది: పెదాలు అప్పటికే కదిలిపోయి ఉంటాయి, మాటే వాటికి సర్దుకోవాలి. అందుకే ఆ సాగదీతలు, వాక్యం చివర అక్కర్లేని ‘కదా’లు. పైగా సవతి తల్లికీ, 1959లో స్లీపింగ్ బ్యూటీలోని మంత్రగత్తె మాలెఫిసెంట్‌కీ ఆవిడ కెమెరా ముందు స్వయంగా నటించి చూపింది. ఆ ఫుటేజీ దగ్గర పెట్టుకునే గీశారు. ముఖాల్లో ఆవిడ పోలికలు ఊరికే రాలేదు. అచ్చంగా గొంతు మాత్రమే ఇచ్చిన పని కావాలంటే డిస్నీలాండ్‌లో 1969లో తెరిచిన దెయ్యాల భవంతి రైడ్ హాంటెడ్ మాన్షన్ ఉంది: గాజుగోళంలోంచి మాట్లాడే మేడమ్ లియోటాకు గొంతు ఆడ్లీది, ముఖం డిస్నీ ఉద్యోగిని లియోటా టూంబ్స్‌ది. ఇక ఆవిడ టీవీ పని గురించి వ్యాసంలో ఒక్క ముక్కా లేదు. గ్రీన్ ఏకర్స్ అనే అమెరికన్ టీవీ కామెడీలో నటుడు ఎడ్డీ ఆల్బర్ట్‌కు తల్లిగా వేసింది. నిజానికి ఆయనకంటే ఆవిడ పెద్దదైంది ఆరు నెలలు కూడా కాదు!