విజయనగరం చరిత్ర కోటలో లేదు

విజయనగరం అనగానే మన చరిత్ర రచన బొబ్బిలి యుద్ధం దగ్గరకు పరుగెడుతుంది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, తాండ్ర పాపారాయుడి ప్రతీకారం, 1794లో పద్మనాభం దగ్గర కుంపెనీ సేనల చేతిలో చిన విజయరామరాజు మరణం: ఇవి అందరికీ తెలిసినవే. 1713 నాటి కోటకు ఇచ్చిన చోటు ఆ ఊరి మనుషులకు మాత్రం మనం ఇవ్వలేదు.

రసికులైన ప్రభువులు లేకుంటే ఆ ఊరి కళావైభవమే లేదంటారు కొందరు. కొంత నిజమే. శిస్తు వసూలు చేసిన జమీందార్లందరూ కళాశాలలు పెట్టలేదు. గురజాడకు విజయనగరం మహారాజు ఆనంద గజపతి అండ దొరికింది. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ ఆయనకే అంకితం.

కానీ ఆ ఖజానా నింపినదెవరు? పొలంలో పండినా ఎండినా శిస్తు కట్టిన ఉత్తరాంధ్ర రైతులు. 1919లో సంగీత కళాశాల తెరుచుకుందంటే, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడయ్యారంటే, ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ నేర్పారంటే ఆ జీతాల మూలం రైతు చెమటే. రాజుగారి దానమని రాసిన ప్రతి చోటా రైతుల పేరూ ఉండాల్సింది.

ఘంటసాలనే తీసుకోండి. సంగీతం కోసం చేతిలో డబ్బు లేకుండా ఆ ఊరు చేరిన కుర్రవాడు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనకు ఉచితంగా విద్య నేర్పారు. ఆకలి తీర్చినది మాత్రం మధుకరం. జోలె పట్టుకుని వాకిట నిలబడితే ఇంత అన్నం పెట్టిన ఇల్లాళ్లు లేకుంటే ఆ గొంతు మనకు దక్కేదా? వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. నా దృష్టిలో తెలుగు సంగీతానికి వాళ్లూ పోషకులే, ఏ మహారాజుకూ తీసిపోరు.

అందుకే కళల చదువును దయాదానంగా చూసే ధోరణి నాకు కోపం తెప్పిస్తుంది. సంస్థానం పోయింది, జమీందారీలు రద్దయ్యాయి, ఆ సంగీత కళాశాల నేడు ప్రభుత్వానిది. అంటే అప్పుడూ ఇప్పుడూ ఖర్చు ప్రజలదే. అలాంటప్పుడు వీణకూ మృదంగానికీ గురువును నియమించడానికి ఏ ప్రభుత్వమైనా లెక్కలు ఎందుకు చూడాలి? పేదింటి పిల్లవాడు అక్కడ చేరితే ఫీజు ఉండకూడదు, వసతి ఉండాలి, రెండు పూటలా భోజనం ఉండాలి. కోట గోడలకు రంగులు వేయించే ముందు ఈ పని జరగాలి.