ఆ జింక ఎవరి కోసమూ ఆగలేదు: మారా ఫోటో కింద తిరిగే కథకు జవాబు

మదర్స్ డే దగ్గర పడితే చాలు, ఫ్యామిలీ గ్రూపుల్లోకి ఆ ఫోటో మళ్ళీ వచ్చేస్తుంది. మీరూ చూసే ఉంటారు. మూడు చీతాలు ఒక జింకను పట్టుకుని ఉంటాయి. ఒకటి పీక పట్టింది, మిగతావి మీదికి ఎగబడ్డాయి. జింక మాత్రం మెడ నిటారుగా పెట్టి ఎటో దూరంగా చూస్తున్నట్టు నిలబడి ఉంటుంది.

కింద కథ ఇది. ఆఫ్రికా అడవుల్లో తల్లి జింక, దాని రెండు పిల్లలు వెళ్తుంటే చీతాలు వెంటపడ్డాయి. తల్లి అనుకుంటే సులువుగా తప్పించుకోగలదు. కానీ పిల్లలు పారిపోవడానికి టైమ్ దొరకాలని ఆగిపోయి, తనను తాను చీతాలకు అప్పగించుకుంది. ప్రాణం పోతున్నా పిల్లలు క్షేమంగా వెళ్ళాయా లేదా అనే చూస్తోంది. ఈ ఫోటో తీసినతను ఆ దృశ్యం తట్టుకోలేక డిప్రెషన్‌లోకి వెళ్ళిపోయాడు. కొన్నిట్లో ఇది ఈ దశాబ్దపు ఉత్తమ ఫోటో అని కూడా ఉంటుంది. చివర ఒక దండం బొమ్మ, పది మందికి పంపమని ఒక మాట.

ఫోటో నిజమైనదే. ఎడిటింగ్ లేదు, ఏఐ కాదు. 2013 సెప్టెంబర్‌లో కెన్యాలోని మసాయి మారాలో అలిసన్ బుటిజెజ్ అనే ఫోటోగ్రాఫర్ తీశారు. ఆవిడ ఫిన్లాండ్‌లో ఉంటారు. కథ మాత్రం ఆవిడ రాసింది కాదు. మూడేళ్ళకు పైగా గడిచాక, 2017 ఫిబ్రవరి ప్రాంతంలో ఎవరో దాన్ని ఈ ఫోటోకు అతికించి వదిలారు. అప్పుడే ఆవిడ అసలు సంగతి బయటపెట్టారు. కథకు ఉన్నన్ని కాళ్ళు జవాబుకు లేవు కాబట్టి అది మన గ్రూపుల దాకా రాలేదు. ఇక ఒక్కో మాటే చూద్దాం.

"తల్లి జింక సులువుగా తప్పించుకోగలదు."

ఇది ఇంపాలా. మారాలో అడుగడుగునా కనిపించే జింక. చీతా నుంచి ఇది తప్పించుకోవడం మామూలు విషయమే, కానీ సులువు మాత్రం కాదు. బోట్స్వానాలో పరిశోధకులు ఐదు చీతాల మెడలకు వేగం కొలిచే కాలర్లు కట్టి 367 పరుగులు రికార్డు చేశారు. 2013లో వచ్చిన ఆ ఫలితాల్లో అన్నిటికన్నా ఎక్కువ వేగం గంటకు 93 కిలోమీటర్లు. అయినా వేట ఫలించింది 26 శాతం సార్లే. అంటే నాలుగింట మూడు సార్లు చీతా ఖాళీ కడుపుతో వెనక్కి తిరిగింది.

ఇంపాలా ఎలా బతుకుతోందన్నది 2018లో ఇంకా స్పష్టంగా తెలిసింది. ఈసారి చీతాలు, సింహాలతో పాటు ఇంపాలాలకు, జీబ్రాలకు కూడా కాలర్లు కట్టి చూశారు. కండరాల శక్తిలో వేటాడే జంతువులు 20 శాతం ముందున్నాయి. వేగం పుంజుకోవడంలో 37 శాతం, ఉన్నట్టుండి వేగం తగ్గించుకోవడంలో 72 శాతం ముందున్నాయి. కాబట్టి తిన్నగా పరిగెడితే జింక పని అయిపోయినట్టే. దానికున్న దారి ఒకటే. పూర్తి వేగంతో పోకుండా కొంత అదుపులో పరిగెత్తి, చీతా మీదికి వచ్చే ఆఖరి క్షణంలో చటుక్కున పక్కకు తిరగాలి. ఒక్క అర క్షణం తేడా వచ్చినా పట్టుబడుతుంది. పట్టుబడిన జింకను చూసి "కావాలనే ఆగింది" అనడానికి ఫోటోలో ఏ ఆధారమూ లేదు. అసలు అది పరుగు తాలూకు ఫోటో కూడా కాదు, పట్టుబడ్డాక తీసింది.

"రెండు పిల్లలతో వెళ్తోంది."

ఇంపాలా ఈతకు ఒక్క పిల్లనే పెడుతుంది. కవలలు చాలా చాలా అరుదు. పుట్టిన కొద్ది రోజులు ఆ పిల్ల పొదల్లో, గడ్డిలో నక్కి ఉంటుంది, తల్లి వచ్చి పాలిచ్చి పోతుంది. తర్వాత మందలో కలిస్తే అక్కడి పిల్లలన్నీ ఒక జట్టుగా తిరుగుతాయి. ఆడ ఇంపాలాలు గుంపులుగా ఉంటాయి, ఒక్కటి అనుమానంగా బుస కొడితే మొత్తం మంద చెల్లాచెదురవుతుంది. తల్లీ ఇద్దరు పిల్లలూ విడిగా షికారుకు బయల్దేరడం మన సినిమాల్లో కుటుంబం. ఫోటోలో పిల్లలు లేవు, తీసినావిడ చెప్పిన వివరంలోనూ పిల్లల ఊసు లేదు.

"పిల్లల కోసం ప్రాణం అర్పించింది."

ఇక్కడ కొంచెం ఆగాలి. ఎందుకంటే జంతువుల్లో తల్లులు పిల్లల కోసం తెగించవు అని నేను అనడం లేదు. మారా పక్కనే ఉన్న సెరెంగెటీలో థామ్సన్ గజెల్ అనే చిన్న జింక తన పిల్ల మీదికి వచ్చిన నక్కను కొమ్ములతో తరుముతుంది. ఏనుగులు గున్నలను మధ్యలో పెట్టుకుని చుట్టూ నిలబడతాయి. అంత దూరం ఎందుకు, మన చేలల్లో తీతువు పిట్ట గూటి దగ్గరికి వెళ్ళి చూడండి, అరుస్తూ నెత్తి మీదికి దూసుకొస్తుంది. కానీ ఇవన్నీ బెదిరించడం, దారి మళ్ళించడం. తీతువు కూడా దగ్గరిదాకా వచ్చి పక్కకు తప్పుకుంటుంది తప్ప మీ చేతికి చిక్కదు.

కావాలని చావడం వేరు. ఇంపాలా పిల్ల నాలుగు నుంచి ఆరు నెలల దాకా తల్లి పాల మీద ఆధారపడుతుంది. తల్లి పోతే పాలు తాగే పిల్ల కూడా ఎక్కువ కాలం బతకదు. అదే తల్లి మిగిలితే వచ్చే ఏడాది ఇంకో పిల్లను కంటుంది. కాబట్టి చీతాకు లొంగిపోయే స్వభావం ఏ ఇంపాలాకైనా ఉంటే, ఆ స్వభావం పిల్లలకు చేరకుండానే ఆ వంశం ఆగిపోతుంది. మనసుకు కఠినంగా అనిపించినా లెక్క అంతే.

"చూడండి, ఎంత ప్రశాంతంగా పిల్లల వైపు చూస్తోందో!"

ఫోటోలో నిజంగా వింతగా ఉన్నది ఇదే, ఆ సంగతి అలిసన్ కూడా ఒప్పుకున్నారు. అంత జరుగుతున్నా జింక కదలకుండా నిలబడటం ఆవిడనే కలవరపెట్టింది. అది షాక్‌లో ఉండి, భయంతో బిగుసుకుపోయి ఉంటుందని ఆవిడ రాశారు. పట్టుబడ్డ జంతువులు ఇలా కొయ్యబారిపోవడం చాలా జాతుల్లో ఉంది. పైగా జింక కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి, దాదాపు చుట్టూరా కనిపిస్తుంది. మనలాగా ఒక మనిషి వైపు తిరిగి చూసే చూపు కాదది. ఆ చూపులో త్యాగం కనిపిస్తోందంటే, అది చూసేవాళ్ళు తెచ్చుకున్నదే.

ఇంతకీ అక్కడ ఏం జరిగింది? ఈ భాగం నాకు అసలు కథ కన్నా ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది.

ఆ చీతాల్లో ఒకటి తల్లి. మారాలో దాన్ని నరాషా అని పిలిచేవారు. మిగతావి ఎదుగుతున్న దాని పిల్లలు. నరాషా ఆ రోజు వాటికి చంపడం నేర్పిస్తోంది. పిల్లలకు అది ఇంకా చేతకాలేదు. పట్టుకున్నదాన్ని ఏం చేయాలో తెలియక దానితో ఆడుకుంటున్నాయి, మీదికి ఎగురుతున్నాయి. జింక అంతసేపు నిలబడి ఉండటానికి కారణం అదే. ఆరితేరిన చీతా అయితే ముందు కాలితో కొట్టి పడేస్తుంది, వెంటనే పీక పట్టి ఊపిరి ఆడకుండా చేస్తుంది. జింక నిలబడి ఫోటోకు దొరికేది కాదు.

చీతాకు వేట పుట్టుకతో పూర్తిగా రాదు. వెంటపడాలన్న కోరిక ఉంటుంది, పట్టాక ఏం చేయాలన్నది నేర్చుకోవాలి. సెరెంగెటీలో చీతాలను ఏళ్ళ తరబడి గమనించిన టిమ్ కేరో లాంటి శాస్త్రవేత్తలు దీన్ని వివరంగా రాశారు. పిల్లలు కొంచెం పెద్దయ్యాక తల్లి చిన్న జింకపిల్లను ప్రాణంతోనే పట్టి తెచ్చి వాటి ముందు వదులుతుంది. అవి తరుముతాయి, జారవిడుస్తాయి, తల్లి మళ్ళీ పట్టి తెస్తుంది. ఇలా సుమారు ఏడాదిన్నర వయసు దాకా తల్లి వెంటే ఉంటాయి. ఆ తర్వాత తల్లి వాటిని వదిలి వెళ్ళిపోతుంది, నేర్చుకున్నదానితోనే అవి బతకాల్సిందే.

ఆ వయసు దాకా చేరడమే పెద్ద గండం. సెరెంగెటీలో కారెన్ లారెన్సన్ చేసిన, 1994లో వెలువడిన అధ్యయనంలో పుట్టిన చీతా పిల్లల్లో సొంతంగా బతికే వయసు దాకా చేరినవి ఐదు శాతం లోపే. ఎక్కువ వాటిని సింహాలు చంపేశాయి. అన్ని చోట్లా ఇంత ఘోరంగా ఉండదు కానీ, చీతా తల్లి ఒంటరిగా వేటాడుతూ, సింహాల కంట పడకుండా పిల్లల్ని చోటు మారుస్తూ ఉండటం మాత్రం ఎక్కడైనా ఉన్నదే. మగ చీతా పిల్లల పెంపకంలో వేలు కూడా పెట్టదు. అన్నీ దాటుకుని నరాషా ఆ పిల్లల్ని అంతవరకు తెచ్చింది.

అంటే ఆ ఫోటోలో తల్లి ఉంది. మెసేజ్ రాసినవాళ్ళు ఆమెను విలన్ చేసి, పక్కన లేని ఇంకో తల్లిని కల్పించారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. అమ్మ గురించి పోస్టు పెట్టాలనుకుంటే నరాషా కథ చాలదా? కానీ పళ్ళున్న అమ్మ మనకు నచ్చదు, కన్నీళ్ళు పెట్టించే అమ్మే కావాలి.

"ఫోటోగ్రాఫర్ డిప్రెషన్‌లోకి వెళ్ళిపోయాడు."

వెళ్ళిపోయాడు కాదు, తీసింది మహిళ. డిప్రెషనూ లేదు. ఈ పుకారు వల్ల ముక్కూమొహం తెలియనివాళ్ళు ఎలా ఉన్నారంటూ మెసేజ్‌లు పెడితే, తాను బాగానే ఉన్నానని ఆవిడే చెప్పుకోవాల్సి వచ్చింది. 1993లో సూడాన్‌లో రాబందు, ఆకలితో ఉన్న పసిబిడ్డ ఫోటో తీసిన కెవిన్ కార్టర్ మరుసటి ఏడాది ఆత్మహత్య చేసుకున్న విషాదం ప్రపంచమంతా తెలుసు. ఆ జ్ఞాపకమే ఎవరో తెచ్చి ఇక్కడ అంటించి ఉంటారని నా అనుమానం.

"ఆఫ్రికా అడవుల్లో జరిగింది" అన్న మాట చిన్నదే. మారా దట్టమైన అడవి కాదు, 1,510 చదరపు కిలోమీటర్ల గడ్డిమైదానం, మధ్యలో మారా నది. నరోక్ కౌంటీ చేతిలో ఉన్న వన్యప్రాణుల రిజర్వు అది.

"అబద్ధమైతే నష్టమేముంది? మంచి మాటేగా."

ఈ జవాబు ప్రతి గ్రూపులో ఒక పెద్దాయన ఇస్తారు. నష్టం ఉందండీ. అదే పోస్టు కింద కామెంట్లు చూడండి: ఫోటో తీసే బదులు ఆ జింకను కాపాడొచ్చు కదా, ఆ క్రూర మృగాలను కాల్చిపారేయాలి. ప్రపంచంలో ఇంపాలాలకు కొదవ లేదు. చీతాలు 2016 నాటి అంచనా ప్రకారం సుమారు 7,100 మాత్రమే, ఒకప్పుడు తిరిగిన నేలలో 91 శాతం పోగొట్టుకున్నాయి. కాపాడాల్సిన జంతువు ఏదో ఆ కథ తలకిందులు చేసి చెబుతోంది. మన దేశంలో అసలు చీతాయే లేకుండా పోయి, 2022లో నమీబియా నుంచి ఎనిమిదింటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో నేషనల్ పార్కులో వదిలారు. అప్పుడు కూడా వాటి తిండి కోసం చుక్కల దుప్పులను వదులుతున్నారంటూ గొడవైంది. చీతా కావాలి, అది తినకూడదు అంటే ఎలా?

జింకలు తగ్గిపోతున్నాయన్న బాధ నిజమైనదే అయితే వేలెత్తాల్సింది వేరే వైపు. 1977 నుంచి 2016 దాకా కెన్యా గడ్డిభూముల్లో పెద్ద వన్యమృగాల సంఖ్య సగటున 68 శాతం పడిపోయింది. దీనికి చీతాలు కారణం కాదు. పెరిగిన జనాభా, పొలాలు, కంచెలు, పశువుల మందలు, దొంగచాటు వేట, వానల తీరు, ఇవన్నీ కలిసి చేసిన పని.

ఇక కాపాడొచ్చు కదా అన్న ప్రశ్న. రిజర్వులో జీపు దిగకూడదు, వేటలో జోక్యం చేసుకోకూడదు. జోక్యం చేసుకుంటే ఆ పూట చీతా పిల్లలు పస్తు, తల్లి ఇంకో జింక వెంట మళ్ళీ పరిగెత్తాలి. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. సరిగ్గా ఈ మారాలోనే, 2013 నుంచి 2017 మధ్య, ఫెమ్కే బ్రూఖౌస్ అనే పరిశోధకురాలు ఆడ చీతాలను గమనించారు. టూరిస్టులు తక్కువగా వచ్చే చోట్ల ఒక్కో ఈతకు సగటున 2.3 పిల్లలు సొంతంగా బతికే వయసుకు చేరాయి. టూరిస్టు బండ్లు గుమిగూడే చోట్ల 0.2. అంటే పది రెట్లకు పైగా తేడా, అదీ మనం ముచ్చటపడి చూడ్డానికి వెళ్ళే చోట. బండ్లు చుట్టుముడితే వేట చెడిపోతుంది, పట్టినదాన్ని తినకుండా వదిలేయాల్సి వస్తుంది, తల్లీపిల్లలు విడిపోతాయి.

జూలై నుంచి అక్టోబర్ మధ్య జంతువుల వలసలు చూడ్డానికి హైదరాబాద్ నుంచి కూడా చాలామంది మారా వెళ్తున్నారు. అక్కడి నియమాల ప్రకారం ఒక జంతువు దగ్గర ఐదుకు మించి బండ్లు ఉండకూడదు, 25 మీటర్ల దూరం పాటించాలి. సీజన్‌లో చీతా కనిపించిందని రేడియోలో వినగానే డ్రైవర్లు ఈ రెండూ మర్చిపోతారు, ఎందుకంటే వెనక కూర్చున్నవాళ్ళు ఇంకా దగ్గరికి పోనివ్వమని అడుగుతారు. ఐదు బండ్లు అప్పటికే ఉంటే మనం ఆగుదాం అని డ్రైవర్‌తో పొద్దున బయల్దేరేటప్పుడే చెప్పండి. టిప్ ఇచ్చేది మీరే కాబట్టి మీ మాటే వింటాడు.