రేడియోకి చందా తగ్గింది జనం వల్ల కాదు

చందాలతో నడిచే ఊరి రేడియో, అదే కమ్యూనిటీ రేడియో, నీరసించినప్పుడల్లా వినపడే మాట ఒకటే: "జనం డబ్బులివ్వడం లేదండీ." కమిటీ పెద్దలు మీటింగులో అదే అంటారు, స్టేషన్లో మైకు పట్టుకునే కుర్రాళ్లూ అదే అంటారు. ఈ మాట తప్పు. డబ్బు ఆగడం ఆఖర్న జరుగుతుంది. అంతకు చాలా ముందే కార్యక్రమాల కమిటీ కూర్చోవడం మానేస్తుంది. ఆ తర్వాత ఊళ్లకెళ్లి రికార్డింగు చెయ్యడం ఆగుతుంది. ఆ ఖాళీలోకి సినిమా పాటలొచ్చి కూర్చుంటాయి. ఫోన్లో ఊరికే వచ్చే పాటకి ఎవరు మాత్రం చందా కడతారు? కట్టకపోతే వాళ్లని తప్పు పట్టే హక్కు మనకెక్కడుంది?

గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకోవచ్చని కేంద్రం ఒప్పుకోవడానికి 2006 దాకా పట్టింది. 2008లో అప్పటి మెదక్ జిల్లా మాచ్‌నూరులో దళిత మహిళలు సంఘం రేడియో మొదలుపెట్టి, తమ పొలాల గురించి, తమ విత్తనాల గురించి తమ యాసలోనే మాట్లాడారు. ఇంత కష్టపడి వచ్చిన వీలు ఇది. దీన్ని నలుగురు పెద్దమనుషుల సన్మానాల బాకాగా మార్చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం కష్టంగా ఉంది.

ముందు పెత్తనం సంగతి. కమ్యూనిటీ రేడియో అనుమతి ఏ ఒక్క మనిషి పేరునా రాదు, ఏ రాజకీయ పార్టీకీ రాదు. సొసైటీకో, ట్రస్టుకో, విద్యాసంస్థకో, కృషి విజ్ఞాన కేంద్రానికో వస్తుంది. కనీసం సగం కార్యక్రమాలు స్థానికుల పాల్గొనడంతో, స్థానికంగా తయారవ్వాలి. 2024లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం సలహా, కార్యక్రమాల కమిటీలో సగం మంది ఆడవాళ్లుండాలి. రాత బాగానే ఉంది. ఆచరణలో ఏమవుతుందంటే, కమిటీ పేర్లు కాగితం మీద ఉంటాయి, మినిట్సు పుస్తకం మీద సంతకాలు ఇంటింటికీ తిరిగి పెట్టించుకుంటారు, రేపు ఏం ప్రసారం చెయ్యాలో మాత్రం ఒకే మనిషి ఫోన్లో చెప్తాడు. ఆ సంతకం పెట్టిన అప్పని "ఈ నెల ఏయే కార్యక్రమాలు ఒప్పుకున్నారమ్మా?" అని అడగండి. ఆమెకి తెలీదు. ఆ తప్పు ఆమెది కాదు.

ఒకే మనిషి చేతిలో పడితే వచ్చే చిక్కులు చాలా మామూలుగా కనిపిస్తాయి, స్టేషన్ని మాత్రం ఆపేస్తాయి. వైర్‌లెస్ లైసెన్సు పనులన్నీ ఇప్పుడు టెలికం శాఖ వారి సరళ్ సంచార్ పోర్టల్లోనే. లాగిన్ ఒకరి ఫోన్ నంబరు మీద ఉంటే ఓటీపీ ఆయనకే వెళ్తుంది. ఆయన అలిగి తప్పుకుంటే స్పెక్ట్రమ్ రుసుము కట్టడానికి కూడా దారుండదు. సొసైటీ పేరుతో ఒక సిమ్ తీసుకుని, స్టేషన్ బీరువాలో ఉంచి, ఇద్దరి సంతకంతో బయటికి తీసే పద్ధతి పెట్టుకుంటే ఈ గొడవ లేదు. ఖర్చు నెలకి ఒక రీఛార్జి.

ప్రసారమైన ప్రతిదీ మూడు నెలలు దాచాలన్నది అనుమతి షరతు. "హార్డ్‌డిస్కులో చోటు లేదు" అన్న సాకు చెల్లదు. 128 కేబీపీఎస్ ఎంపీత్రీ గంటకి సుమారు 58 ఎంబీ. రోజుకి 6 గంటల చొప్పున 90 రోజులంటే 540 గంటలు, మొత్తం 31 జీబీ. 64 జీబీ పెన్‌డ్రైవులో సగం. రికార్డింగులు దాచకపోవడానికి అసలు కారణం, దాస్తే ఏం ప్రసారమైందో బయటపడుతుందని. సగం స్థానికం అన్న లెక్క తేలేది అక్కడే.

ఇక కార్యక్రమాలు. రోజుకి ఎనిమిది, పది గంటల ప్రసారం అని బోర్డు రాసుకోవడం దగ్గరే మొదటి తప్పు జరుగుతుంది. అరగంట స్థానిక కార్యక్రమానికి ఊరికి వెళ్లిరావడం ఒక పూట, రికార్డింగు గంట, ఎడిటింగు రెండు మూడు గంటలు. ఒక్క మనిషి వారానికి మూడు చేస్తే గొప్ప. ఇద్దరే ఉన్న స్టేషను ఎనిమిది గంటలు నింపాలంటే పాటలు తప్ప దారి లేదు. మూడు గంటలకి తగ్గించండి. ఉదయం గంట, సాయంత్రం రెండు గంటలు. అందులో సగం, అంటే గంటన్నర స్థానికం కావాలి. నిన్న సాయంత్రం వేసిందే ఈ ఉదయం మళ్లీ వేసుకుంటే రోజుకి కొత్తగా కావలసింది గంట. దాన్నీ ఇద్దరే మొయ్యలేరు. అరగంట వాళ్లు చేసి, మిగతా అరగంట ఊళ్లలో నేర్పిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు ఫోన్లో రికార్డు చేసి పంపితే సరిపోతుంది. వాళ్లకి పెట్రోలు ఖర్చు ఇవ్వాలి. "సేవ కదా" అని ఖాళీ చేతులతో పంపితే మూడో నెల రారు, రావాలని అడగడమూ అన్యాయమే.

సొంత వార్తలు చదవకూడదన్న నిబంధన చూపించి చేతులెత్తేసేవాళ్లు ఆ నిబంధన పూర్తిగా చదవలేదు. ఆకాశవాణి వార్తల్ని మార్పు లేకుండా తిరిగి వేసుకోవచ్చు. వాతావరణం, ట్రాఫిక్, పండగలు, జాతర్లు, పరీక్షలు, ఫలితాలు, అడ్మిషన్లు, కరెంటు కోత, మంచినీళ్లు, ప్రకృతి విపత్తుల హెచ్చరికలు, ఇవేవీ వార్తల కింద లెక్క కాదు, చెప్పుకోవచ్చు. మనకి కావలసింది ఇవే కదా! మన శ్రీకాకుళం జిల్లాలో గొట్టా బ్యారేజీ నుంచి కాలవకి నీళ్లెప్పుడు వదులుతారు, తోటపల్లి కింద చివరి ఊరికి ఎప్పటికి చేరతాయి, ఏ ఫీడరు మీద రేపు కరెంటు తీస్తారు, సిరిమానోత్సవం రోజు విజయనగరంలో బస్సులు ఎటు మళ్లిస్తారు. ఇరిగేషను ఆఫీసుకీ సబ్‌స్టేషనుకీ పొద్దున్నే చెరో ఫోను చేస్తే పది నిమిషాల కార్యక్రమం. దీని కోసం రేడియో పెట్టేవాళ్లుంటారు. పుట్టినరోజు శుభాకాంక్షల కోసం ఎవరూ పెట్టరు.

భాష విషయంలో మాత్రం కోపం ఆపుకోవడం కష్టం. గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా మన శ్రీకాకుళం. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని పోరాడి, సవరల మధ్య తిరిగి వాళ్ల భాషకి నిఘంటువు, వ్యాకరణం రాసిన మనిషి. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అదే చోట, మైకు ముందు కూర్చున్న పిల్ల "ఏటి" అన్న మాట నోటికొస్తే తడబడి "ఏమిటి" అని దిద్దుకుంటోంది. "బేగి రండి" అంటే నవ్వుతారని భయం. ఆ భయం ఎవరు నేర్పారు? విశాఖ ఎఫ్ఎమ్ జాకీలాగ వేగంగా, సగం ఇంగ్లీషులో మాట్లాడితేనే రేడియో అనుకునే నాయకత్వం నేర్పింది. మార్గదర్శకాలే స్థానిక భాషలో, యాసలో ప్రసారం చెయ్యమంటున్నాయి. ఇచ్ఛాపురం వైపయితే ఒడియాలో అరగంట, సీతంపేట కొండల వైపయితే సవర భాషలో అరగంట ఉండాలి. తప్పెటగుళ్లు, జముకుల కథ చెప్పేవాళ్లని సంక్రాంతికి ఒకసారి పిలిచి శాలువా కప్పి పంపడం కాదు, వాళ్ల ఊళ్లో వాళ్ల వాకిట్లో పూర్తి కథ రికార్డు చెయ్యాలి. జముకు తంత్రి గొంతు మీదికి ఎక్కేస్తుంది కాబట్టి కథకుడికి ఒక మైకు, వాద్యానికి ఒక మైకు వేరుగా పెట్టాలి. ఒక్కటే ఉంటే కథకుడి నోటికి జానెడు దూరంలో పెట్టి, జముకు వాయించేవారిని రెండు మూడు అడుగులు వెనక్కి కూర్చోబెట్టాలి.

ఉద్దానం గురించి రాయకుండా దాటలేం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చి చెప్పలేదు. అటువంటి చోట రేడియోలో "మా చూర్ణంతో కిడ్నీలు బాగవుతాయి" అన్న ప్రకటన వెయ్యడం పాపం, నేరం కూడా. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల పట్టిక ఇచ్చింది. అందులో బ్రైట్స్ వ్యాధి పేరుతో కిడ్నీ జబ్బు ఉంది. ప్రకటన డబ్బు ఎంతయినా సరే, ఈ ఒక్కదానికి ఒప్పుకున్న నాయకత్వం మర్నాడు దిగిపోవాలి. దాని బదులు డయాలసిస్ చేయించుకునేవాళ్లు నీళ్లు ఎంత తాగాలి, ఉప్పు ఎంత, కొబ్బరినీళ్లు ఎందుకు వద్దంటారు అని నెఫ్రాలజిస్టు చేత చెప్పించండి. ఇంటి ముందు కొబ్బరి చెట్టున్న మనిషికి, అందులోని పొటాషియం పాడైన కిడ్నీతో బయటికి పోదని, అది గుండెకి ముప్పని తెలియజెప్పేది ఎవరు?

ట్రాన్స్‌మిటర్ దగ్గరికి వస్తే అశ్రద్ధ ఇంకా బాగా కనిపిస్తుంది. మనకి అనుమతించే శక్తి మామూలుగా 100 వాట్ల ఈఆర్‌పీ (ఏంటెనా నుంచి గాలిలోకి వెళ్లే శక్తి), ఏంటెనా ఎత్తు గరిష్ఠంగా 30 మీటర్లు. చదునైన తీరంలో పది కిలోమీటర్ల దాకా వినపడాలి. "ఈ మధ్య ఆమదాలవలస దాటితే రావట్లేదు" లాంటి ఫిర్యాదు వస్తే ట్రాన్స్‌మిటర్ పాతబడిందని, కొత్తదానికి చందా వేద్దామని అంటారు. ముందు కేబుల్ చూడండి. ఆర్‌జీ-213 రకం కేబుల్ 40 మీటర్లు వేస్తే శక్తిలో దాదాపు సగం దారిలోనే వేడిగా పోతుంది. అర అంగుళం ఫోమ్ కేబులైతే పోయేది ఐదో వంతుకి లోపే. తర్వాత ఏంటెనా దగ్గరి కనెక్టరు. సముద్రపు ఉప్పు గాలికి అది పచ్చగా చిలుమెక్కుతుంది, టేపు సందుల్లోంచి వాననీరు దిగుతుంది. అప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్, అంటే శక్తి ఎంత వెనక్కొస్తోందో చెప్పే కొలత, పెరుగుతుంది. 1.5 ఉంటే పంపిన శక్తిలో 4 శాతం వెనక్కొస్తుంది, 2 ఉంటే 11 శాతం, 3 అయితే 25 శాతం. అంతకు ముందే ట్రాన్స్‌మిటర్ తనని తాను కాపాడుకోడానికి శక్తి తగ్గించేస్తుంది. రోజూ ప్రసారం మొదలవగానే ముందుకెళ్లే శక్తి, తిరిగొచ్చే శక్తి రెండూ పుస్తకంలో రాసుకుంటే పాడవడం రెండు వారాల ముందే తెలుస్తుంది. వానాకాలానికి ముందు ఒకసారి, తుపాన్ల కాలానికి ముందు ఇంకోసారి కనెక్టరు విప్పి శుభ్రం చేసి, సాగే రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టాలి. పై చుట్టు కింది చుట్టు మీద పడితే ఇంటి పెంకుల్లాగ నీరు జారిపోతుంది. ఈ పనికి లక్షలు అక్కర్లేదు.

2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ, 2021 గులాబ్. తిత్లీకి ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ టవర్లు పడుకున్నాయి. రేడియో పనికొచ్చే రోజు అదే. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్, ల్యాప్‌టాప్, మిక్సరు కలిపి సుమారు 200 వాట్లు లాగుతాయి. ఒక 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఇన్వర్టరు నష్టాలు పోను ఐదారు గంటలు మోస్తుంది. గంటకొకసారి పదిహేను నిమిషాలే ప్రసారం చేస్తే రోజంతటికీ ఆరు గంటలే. అంటే ఒక్క బ్యాటరీ, దాన్ని మర్నాటికి నింపడానికి చిన్న జనరేటరు. "ప్రతి గంటకీ మొదటి పావుగంట వింటే చాలు" అని ముందే చెప్తే వినేవాళ్ల రేడియో సెల్లు కూడా మిగులుతుంది. చెప్పేది విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం ఇచ్చిన మాటే చెప్పాలి, సొంత అంచనాలొద్దు. కళింగపట్నం రేవులో మూడో నంబరు ఎగరేస్తే ఈదురుగాలుల ముప్పు, పదో నంబరైతే పెను ప్రమాదం అని మామూలు రోజుల్లోనే జనానికి అలవాటు చెయ్యాలి. కొత్త స్మార్ట్‌ఫోన్లు చాలావాటిలో ఎఫ్ఎమ్ రాదు, కీప్యాడ్ ఫోన్లో రావాలన్నా చాలావాటికి వైరున్న ఇయర్‌ఫోనే ఏంటెనా. ఊరికి పది చిన్న రేడియో సెట్లు ఎవరిళ్లలో ఉన్నాయో లెక్క కమిటీ దగ్గరుండాలి.

డబ్బు లెక్క ఆఖర్న. ముప్పై ఊళ్లు, ఊరికి నలభై ఇళ్లు, ఇంటికి నెలకి ఇరవై రూపాయలనుకుంటే 24,000. కరెంటు, నెట్టు, పెట్రోలు, ఒకరికి పూట జీతం వెళ్తాయి. నెల నెలా తిరగకూడదు, చేతిలో డబ్బున్నప్పుడు వెళ్లాలి. వరి కోతలయ్యాక సంక్రాంతికి, జీడి పిక్కల కాలంలో పలాస వైపు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటే తీరంలో చందా పుస్తకం పట్టుకుని తిరగడం ఏం మర్యాద? ప్రభుత్వ ప్రకటనలకి 10 సెకండ్లకి 74 రూపాయలు, గంటకి 12 నిమిషాల దాకా వేసుకోవచ్చు. అవి అదనం అనుకోవాలి గానీ జీతాలు వాటి మీద పెట్టుకోకూడదు. అమెరికాలో ఉన్న మనూరి వాళ్లు పంపే డబ్బు విషయంలో జాగ్రత్త: భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదన పంపితే విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కిందికి వస్తుంది. ఇది తెలీక తీసుకుని తర్వాత ఇరుక్కోవద్దు.

ఈసారి సంక్రాంతికి చందా పుస్తకంతో ఎవరైనా మీ వీధికి వస్తే, ఇవ్వనని అనకండి. గడిచిన ముప్పై రోజుల ప్రసార పట్టిక అడగండి. అందులో మన ఊరి పేరున్న కార్యక్రమాలెన్ని, ఎవరు మాట్లాడారు, కమిటీ ఏ తేదీన కూర్చుంది చూపించమనండి. చూపిస్తే ఇరవై బదులు యాభై ఇవ్వండి.